నోరు తెరిచిన గోరింక పిల్ల

వేపచెట్టు కింద గోరింక పిల్ల కనబడగానే సంధ్యారాణి పరుగున వెళ్లి వంగి చూసింది. దాని ఒళ్లంతా బొగ్గు దుమ్ము. గోదావరిఖనిలో ఆరేసిన బట్టల మీద పడే దుమ్ము పిట్టను మాత్రం వదులుతుందా! అది పసుపుపచ్చ నోరు బార్లా తెరిచి, మెడ చాచి కీచుమంటోంది.

"అవ్వా, దీనికి ఊపిరాడుతలేదు!" అని కేకేసింది.

పక్క క్వార్టర్ సారవ్వ గోడ మీంచి తొంగి చూసింది. "ఊపిరి గాదు, ఆకలి. రెక్కలొచ్చినయ్, దుంకుతున్నది, దానికేం గాలే. ఎగురుడు నేర్చుకునేటప్పుడు గట్లనే కింద పడ్తయ్. తల్లి ఈడనే ఉంటది, మేత తెస్తది. ముట్టకు బిడ్డా. పిల్లి రాకుంట చూద్దాం, చాలు."

సంధ్యారాణికి ఒళ్లు మండిపోయింది. పోయిన చలికాలం తన చంటిపిల్ల ఇలాగే నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే, "ఉత్త జలుబే, వాముతోని కాపు పెట్టు, తెల్లారినంక పోదువుగాని దవాఖానకు" అన్నది ఈ సారవ్వే. మొగుడు వీరేందర్ బొగ్గుబావిలో నైట్ షిఫ్టులో ఉన్నాడు. పెద్దమనిషి మాట కదా అని ఆగింది. తెల్లారేసరికి పిల్ల దక్కలేదు.

"అప్పుడు గూడ గిట్లనే అన్నవు," అంది. సారవ్వ గోడ దగ్గర్నుంచి వెనక్కి తగ్గింది.

ఇంక ఎవరి మాట వింటుంది! గోరింక పిల్లను కొంగులో చుట్టి లోపలికి తెచ్చింది. ముక్కులో దుమ్ము అడ్డం పడిందనుకుంది. డ్యూటీ దిగొచ్చిన మొగుడి వీపు నలుపు రోజూ వదిలించే చేతులాయె! సబ్బు నురగతో రుద్దింది, చెంబుతో నీళ్లు పోసింది, ఫ్యాను కింద ఆరబెట్టింది. ఈకలు అంటుకుపోయి పిల్ల గజగజ వణికింది. కాసేపటికి వణకడం మానేసి నోరు మూసుకుంది. హమ్మయ్య, ఊపిరి కుదుటపడిందనుకుంది పిచ్చితల్లి. తల వాలిపోయాక గాని తెలియలేదు.

బయట తల్లి గోరింక వచ్చింది. నోట్లో మిడత. చెట్టు కింద అటూ ఇటూ నడుస్తూ, మిడతను వదలకుండానే అరుస్తోంది.

సంధ్యారాణి చచ్చిన పిల్లను దోసిట్లో పట్టుకుని గడపలో కూలబడింది. "అవ్వా, ఆగినందుకు నా బిడ్డ పాయె, ఆగనందుకు దాని బిడ్డ పాయె. ఏం జెయ్యాలె నేను?" అని గుండెలవిసేలా ఏడ్చింది.

సారవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "నా మాట నువ్వెట్ల నమ్ముతవు బిడ్డా," అంది.

తల్లి గోరింక అరుస్తూనే ఉంది. దాన్ని తోలడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.