ఊరూ పేరూ లేని గ్రహం

ఆ పుస్తకం నాకు బెంగుళూరులో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. అట్ట మీద రాకెట్టు బొమ్మ చూసి కథల పుస్తకమనుకుని కొన్నాను. హిందూపురం వచ్చే రైల్లో తెరిచి చూస్తే లోపల కథే లేదు, అన్నీ నియమాలే. ఓడ ఎంత దూరం పోతుంది, తుపాకి దెబ్బ తగిలితే మనిషి ఏమవుతాడు, కొత్త గ్రహం మీద గాలి, నీరు ఉన్నాయో లేదో పాచికలు వేసి ఎలా తేల్చాలి, ఇలాంటివి. నలుగురు కూర్చుని, తలా ఒక మనిషి వేషం తీసుకుని, నోటి మాటలతో ఆడే ఆటట అది. ఒకడు అంపైర్‌గా ఉండి, మిగతావాళ్లు చేస్తామన్న పని జరిగిందో లేదో చెప్పాలి. అంతా బాగానే ఉంది కానీ, ఈ ఆట ఏ లోకంలో జరుగుతుందో మాత్రం రాయలేదు. వివరాలకు రెండో పుస్తకం చూడండి అని రాసినవాడు పేజీకొకసారి అంటాడు. పందిరి వేసి పెళ్లికొడుకును మరిచిపోయినట్టుంది. నాకసలే ముక్కు మీద కోపం. హిందూపురంలో దిగకుండా పెనుకొండ దాకా పోయుంటే అక్కడి కొండ మీద నుంచి విసిరేసేవాణ్ణి.

చంద్రశేఖర్ విసరనివ్వలేదు. వాడూ నేనూ హిందూపురంలో డిగ్రీ చదువుతున్నాం. వాళ్లది రొద్దం పక్కన పల్లె, మల్బరీ తోట ఉన్న రైతు కుటుంబం. మా నాయన రైల్వేలో గుమాస్తా, మాకు సెంటు భూమి కూడా లేదు. "లోకం లేకపోతే మనమే ఒకటి కట్టుకుందాం రా ప్రేమూ," అన్నాడు వాడు. ఆదివారం బస్సెక్కి వాళ్లింటికి పోయాను.

లోకం కట్టడం అంత సులువు కాదని అరుగు మీద కూర్చున్నాక తెలిసింది. చంద్రశేఖర్‌కు ఏది చెప్పమన్నా పెనుకొండ కోటే గుర్తొస్తుంది. "కోట పైన ఓడలు దిగే స్టేషన్ పెడదాం," అన్నాడు. ఇంటర్ చదివే వాళ్ల చెల్లెలు తనూజ సుద్దముక్క తీసుకుని అరుగు బండ మీద గ్రహం పటం గీసింది. గీసి గీసి చివరికి అది వాళ్ల చేను పటమై కూర్చుంది. తూర్పున గట్టు, ఉత్తరం మూల వేపచెట్టు, మధ్యలో రెండు గుండ్రని గుంతలు. ఏమిటివని అడిగితే, "ఉల్కలు పడిన గుంతలన్నా," అంది.

"గీతలన్నీ మీరే తుడవల్ల," అని వాళ్లమ్మ బాలమ్మ లోపలి నుంచి హెచ్చరించింది.

పాచికల గొడవ ఇంకోటి. పుస్తకం రెండు పాచికలు వేయమంటుంది. ఇంట్లో ఉన్నవి వాళ్ల అవ్వ బారాకట్ట ఆడిన గవ్వలు ఆరు. వాటినే రెండుసార్లు వేసి, వెల్లకిలా పడినవి లెక్కపెడదాం అన్నాడు చంద్రశేఖర్. ఏదైతేనేం అనుకున్నాను. కానీ పాచికలకు రాసిన నియమాలను గవ్వలతో ఆడితే లోకం తీరే మారిపోయింది. గవ్వలు ఎప్పుడూ సగం అటూ సగం ఇటూ పడతాయి. మా గ్రహం మీద ఎవరూ గొప్పగా గెలవరు, ఎవరూ మట్టికొట్టుకుపోరు. ఓడ లేస్తుంది, కానీ స్టేషన్ దాటదు. గాలి ఉంటుంది, పీల్చితే దగ్గొస్తుంది. నీటికి ఎన్నిసార్లు వేసినా పుస్తకం పట్టికలో 'అరకొర' అనే వరుస మీదికే వేలు పోతుంది. ఇది తప్పో ఒప్పో నాకు అర్థం కాలేదు. అంపైర్‌నే నేను, నాకే ఏమీ తెలియడం లేదు.

మూడో ఆదివారం వాళ్ల నాయన రంగప్ప మామ చేను నుంచి వచ్చి, మా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇదేమబ్బా, ఇది యాడిది?" అన్నాడు.

"గ్రహం మామా."

"యాడుండాది?"

"యాడా లేదు. మేమే అనుకున్నాం."

"యాడా లేనిదాంట్లోకి మా గట్టు ఎట్లొచ్చె?" అని గుంతల వైపు చూపించాడు. "ఇవి నా బోర్లు కదా."

తనూజ తలొంచుకుంది. అప్పుడు నాకు తెలిసింది, అవి నీళ్లు పడకుండా పోయిన రెండు బోర్లని. గోడకు ఆనించిన ఖాళీ చంద్రికలు, పట్టుపురుగులు గూళ్లు కట్టే ఆ వెదురు తట్టలు, అంతకు ముందు కూడా చూశాను. ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆకు లేదు, పురుగు లేదు. ఉన్న పాత బావి అడుగంటింది. సోమవారం మూడో బోరుకు లారీ వస్తోంది. అదీ పోతే మల్బరీ వేళ్లతో సహా పీకేసి, వాళ్ల నాయన ధర్మవరంలో బాలమ్మ తమ్ముడి మగ్గాల దగ్గర పనికి పోవడం ఖాయమని చంద్రశేఖర్ నెమ్మదిగా చెప్పాడు. మగ్గం కట్టెను కూడా ముట్టనివాడు ఈ వయసులో బావమరిది దగ్గర పని నేర్చుకోవాలి.

మామ చెప్పులు విడిచి నా పక్కన కూర్చున్నాడు. "గవ్వలు ఏస్తే నీళ్లు యాడుండేది తెలుస్తాదా?"

"లేదు మామా, ఇది ఆట. మీ చేనుకూ దీనికీ సంబంధం లేదు."

"మరి నీళ్లు యాడ పడతాయంటావు?"

"నాకు తెలీదు," అన్నాను విసుగ్గా. పెద్దాయనతో అలా అన్నందుకు నాకే సిగ్గేసింది.

ఆయనకు కోపం రాలేదు. పైగా హాయిగా నవ్వాడు. "టెంకాయ చేతిలో పెట్టుకొని నీళ్లు చూస్తా నడిచినోడు ఈడ అనె. మిషన్ తెచ్చిన సారు ఆడ అనె. అందరికీ తెలుసు. తెలీదన్నోడివి నువ్వొక్కడివే. సెంటు భూమి లేనోడే నీళ్లు చూపల్ల అని మా అవ్వ అంటా ఉండె. వానికి ఆశ ఉండదు కదా."

కాదంటే నమ్మడు, అవునంటే అబద్ధం. చివరికి, "చూపేదేం లేదు మామా. కావాలంటే మీరూ ఆడండి. ఆటలోనే," అన్నాను. ఆయన ఆలోచించి, ఉత్తరం మూల వేపచెట్టు దగ్గర బోరు గుర్తుగా ఒక చింతగింజ పెట్టాడు. ఆ చోటు ఆయన మనసులో ముందే ఉన్నట్టుంది. పుస్తకం ప్రకారం నీళ్లు పడాలంటే రెండుసార్లూ కలిపి ఎనిమిది రావాలి.

గవ్వలు రెండు చేతుల మధ్య ఆడించి వేశాడు. ఐదు వెల్లకిలా పడ్డాయి. మా గ్రహం మీద అంత మంచి పాటు ఎవరికీ పడలేదు.

"ఇంకో మూడు పడితే చాలు నాయనా," అంది తనూజ.

మామ గవ్వలు ఏరుకుని గుప్పిట మూశాడు. మూసిన గుప్పిట చాలాసేపు తెరవలేదు. తర్వాత వాటిని పటం పక్కన మెల్లగా పెట్టేశాడు.

"ఏయను. ఏస్తే తెలిసిపోతాది. రేపటిదాకా ఇట్లే ఉండనీ."

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే లారీ వచ్చింది. మామ వేపచెట్టు దగ్గరే టెంకాయ కొట్టాడు. మిషన్ మొదలుకాగానే తెల్లటి రాతిపొడి లేచి చెట్టును, మనుషుల్ని, పక్కనున్న ఎండు మల్బరీని కప్పేసింది. పైపు మీద పైపు దిగుతోంది. పొడి తడిస్తే ముద్దగా వస్తుందని, ముద్ద వస్తే నీళ్లు దగ్గరేనని చంద్రశేఖర్ చెప్పాడు. అందరం ఆ పొడినే చూస్తూ నిలబడ్డాం. నాకు దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియలేదు. మూడు గవ్వలని అడగాలా, మూడు చుక్కలని అడగాలా? మధ్యాహ్నం దాటాక మిషన్ ఆపేశారు. చివరిదాకా పొడి పొడిగానే వచ్చింది.

లారీ పోయాక మామ ఇంటికొచ్చాడు. జుట్టు, మీసాలు, కనురెప్పలు అన్నీ తెల్లబడి ఉన్నాయి. కాళ్లు కడుక్కోకుండానే వచ్చి పటం ముందు కూర్చుని గవ్వలు తీసుకున్నాడు.

"నా పాటు మిగిలుండాది కదబ్బా."

"ఇప్పుడెందుకు నాయనా," అన్నాడు చంద్రశేఖర్.

మామ వేశాడు. నాలుగు వెల్లకిలా పడ్డాయి.

ఎవరూ పైకి లెక్కపెట్టలేదు. తనూజ నా వైపు చూసింది. నియమం ప్రకారం నీళ్లు పడ్డాయి. పడ్డాయని ఎలా చెప్పను, ఒంటినిండా బోరు పొడి పూసుకున్న మనిషి ముందు? పడలేదంటే ఆటలో మోసం. ఆ పుస్తకం మీద, అది రాసినవాడి మీద, ఈ నాలుగు గవ్వలు నిన్న కాక ఈరోజు పడినందుకు వాటి మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.

"చెప్పబ్బా. అంపైర్‌వి కదా. పడినాయా లేదా?"

"పడినాయి మామా."

తనూజ నీలం సుద్దముక్క తెచ్చి చింతగింజ చుట్టూ రుద్దింది. మామ ముందుకు వంగి చూశాడు.

"ఎన్ని ఇంచులు?"

బోరు నీటి ధారను వీళ్లు ఇంచుల్లో కొలుస్తారు, పుస్తకంలో ఆ ఇంచుల మాట లేదు. "మూడు ఇంచులు," అన్నాను.

"మూడు ఇంచులంటే మల్బరీకి ధారాళంగా చాలు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగా తృప్తిగా ఉంది. అదే నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి. "ఆడ తోట ఎవరు చూసుకుంటాండారు?"

"మీరే మామా."

ఆయన సరేనన్నట్టు తలూపి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. గడప దగ్గర బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఈ బండ కడగొద్దు," అన్నాడు ఆమెతో.

"కడిగేకి నీళ్లు యాడుండాయి," అంది బాలమ్మ.