స్పష్టంగా పలకాల్సిన మాట

మా వార్డులో ఆయనకు మేం పెట్టుకున్న పేరు తాళంచెవి. ఈ ఆసుపత్రిని నడిపే ప్రార్థనాశాలకు పెద్ద. స్వర్గం తాళం తన జేబులోనే ఉన్నట్టు నడుస్తాడు, అందుకే ఆ పేరు. ఎదురుపడితే మాత్రం "పెద్దాయనా" అంటాం. ఉద్యోగాలు చేసుకోవాలి కదా మరి!

నమ్మనివాడికి చావు దగ్గర దయ ఉండదని ఆయన సిద్ధాంతం. అయితే ఆఖరి ఊపిరి పోయేలోపు "దేవుడా, నిన్ను నమ్ముతున్నాను" అని సొంత నోటితో, స్పష్టంగా, పూర్తిగా అంటే గట్టెక్కుతాడట. గొణిగితే చెల్లదు, తలాడిస్తే చెల్లదు. అన్నాడని వార్డు నర్సు సాక్షి సంతకం పెట్టాలి. దానికో నల్ల అట్ట పుస్తకం. బంధువుల మాట నమ్మరట, మమకారం కొద్దీ అబద్ధమాడతారట! పద్దెనిమిదేళ్లుగా ఆ పుస్తకంలో సంతకాలు గీకుతున్నాను. గీకిన ప్రతిసారీ ఒళ్లు మండుతూనే ఉంది.

ఇందులో పెద్ద తలనొప్పి పళ్లతో. చివరి దశకు వచ్చిన మనిషి నోట్లో మేం కట్టుడు పళ్లు ఉంచం. జారి గొంతుకు అడ్డం పడతాయని తీసి, పేరు రాసిన డబ్బాలో నీళ్లు పోసి పెడతాం. ఈయన వస్తూనే, "పళ్లు పెట్టండమ్మా, పళ్లు లేందే మాట తేలదు" అని మొదలెడతాడు. ఊపిరే అందని ముసలివాళ్లకు ఇంటివాళ్లచేత బతిమాలించి పళ్లు పెట్టించి, ఆ ఒక్క వాక్యం కక్కించిన రోజులున్నాయి. కక్కాక వాళ్ల ముఖాల్లో నాకు శాంతి కనిపించలేదు. వదిలేశారు చాలురా బాబూ అన్న అలసట కనిపించేది.

ఇంతకీ ఆ పళ్లు చేసేదెవరనుకున్నారు? ఈయన సొంత తమ్ముడే. అందరూ పళ్ల మేస్త్రి అంటారు. దేవుడి పేరెత్తితే పకపకా నవ్వేవాడు. పళ్లు సరిచేయడానికి వార్డుకు వచ్చినప్పుడల్లా నాతో అనేవాడు: "మా అన్నయ్య స్వర్గానికి తోలినవాళ్లలో సగంమంది నా పళ్లతోనే ఆ మాట పలికారు సిస్టర్! ఆ పుస్తకంలో ఓ మూల నా పేరు కూడా రాయొద్దూ?"

ఆ మనిషే మొన్న మా వార్డులో మంచమెక్కాడు. ముప్ఫై ఐదేళ్లు పళ్లు అరగదీసిన పొడి పీల్చిన ఊపిరితిత్తులు, ఎన్నాళ్లని పనిచేస్తాయి? డాక్టరు వారం అన్నాడు. అది వినగానే తాళంచెవి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్లందరినీ బెదిరించిన ఆ చీకట్లోకి ఇప్పుడు తనతో ఒకే కంచంలో తిన్నవాడు వెళ్లబోతున్నాడు. బాగా అయిందనుకున్నాను. అబద్ధమెందుకు, నిజంగానే అనుకున్నాను.

మూడు రోజులు మంచం పక్కన కుర్చీ వదల్లేదు. ముందు బోధ చేశాడు, తర్వాత గద్దించాడు, ఆ తర్వాత కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఒరే, ఒక్క మాటరా! నీ సొమ్మేం పోయింది?"

తమ్ముడు గోడవైపు తిరిగి పడుకునేవాడు.

నాలుగో రోజు పొద్దున పదకొండింటికి పళ్ల మేస్త్రి నన్ను చేత్తో పిలిచి, బల్లమీదున్న తన పళ్ల డబ్బా చూపించాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. మళ్లీ చూపించాడు. పోయే ప్రాణం అడిగితే కాదనడానికి నేనెవర్ని? తలగడ ఎత్తు చేసి, ఒక చేయి గడ్డం కింద పెట్టుకుని పళ్లు అమర్చాను.

తాళంచెవి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. నల్ల పుస్తకం తెరిచి, కలం నా చేతిలో కుక్కేశాడు.

"చెప్పరా, చెప్పు! మేం వింటున్నాం."

పళ్ల మేస్త్రి ఊపిరి కూడదీసుకున్నాడు. "అన్నయ్యా, నీ కింది పళ్ల సెట్టు వదులైపోయింది. ప్రసంగం చెప్తుంటే టకటకమంటోంది, వెనక వరసలో పిల్లలు నవ్వుతున్నారు. కొత్తది చేసి కొట్లో కిటికీ పక్క సొరుగులో పెట్టాను. తీసుకో."

"అది కాదురా! ఆ మాట అను!"

"నమ్మకుండా నమ్మానంటే, పైనున్న మీవాడికి మాత్రం తెలీదేంటి అన్నయ్యా?" అని నవ్వబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. గబగబా పళ్లు తీసేశాను. ఆ తర్వాత అరగంట బతికాడు. ఆ అరగంటా అన్న చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

అతని కళ్లు మూశాను, గడ్డం కింద చుట్టిన తువ్వాలు పెట్టాను. వెనక్కి తిరిగితే తాళంచెవి పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడి పేరు అప్పుడే రాసేశాడు కూడా!

"సంతకం పెట్టమ్మా."

"ఏమన్నాడని పెట్టను?"

"అనబోయాడు. లేకపోతే పళ్లెందుకు అడుగుతాడు? నువ్వూ చూశావుగా."

అరికాలి మంట నెత్తికెక్కింది. పద్దెనిమిదేళ్ల మంట.

"పోయిన నెల ఏడో నంబరు మంచం మీది ముసలమ్మ 'దేవుడా' అని ఆగిపోతే, సగం మాట చెల్లదన్నారు మీరు. ఆవిడ కొడుకు గోడకేసి తల బాదుకుంటుంటే పుస్తకం మూసుకుని చక్కా పోయారు. మీ తమ్ముడికైతే అనబోవడం కూడా చెల్లుతుందా? సిగ్గులేదూ మీకు?"

పక్క మంచాలవాళ్లు తలలు ఎత్తి చూశారు. చూడనీ అనుకున్నాను.

"వాడు చెడ్డవాడు కాదమ్మా," అన్నాడు.

"మిగతావాళ్లు చెడ్డవాళ్లా? ఎవరి అన్నో, ఎవరి తమ్ముడో కాదా వాళ్లూ? మీ దేవుడికి దయ ఉంటే నా సంతకంతో ఆయనకు పనిలేదు. లేదంటారా, నేను వంద సంతకాలు పెట్టినా మీ తమ్ముడికి ఒరిగేదేం లేదు. తీసుకెళ్లండి మీ పుస్తకం!"

తిరిగి అరుస్తాడనుకున్నాను, పైవాళ్లకు ఫిర్యాదు చేస్తానంటాడనుకున్నాను. ఆయన పుస్తకాన్ని మంచం మీద, తమ్ముడి కాళ్ల దగ్గర పెట్టేశాడు. నా దగ్గరకు వచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఉందంటావా, తల్లీ?"

"ఏంటి?"

"ఆయనకు దయ. ఉందంటావా?"

నలభై ఏళ్లు ఇంటింటికీ తిరిగి, ఆ దయ ఎవరికుందో ఎవరికి లేదో తేల్చి చెప్పిన మనిషి, బెడ్‌పాన్లు మోసే నన్ను పట్టుకుని అడుగుతున్నాడు! మొహం పగిలేలా ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

"నాకేం తెలుసు పెద్దాయనా," అన్నాను. "చెప్పేది మీరు కదా."

ఆయన కదల్లేదు. నేను ఇంకేమైనా చెబుతానేమోనని నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.