సీటు స్పాంజి

ఆ ఇంట్లో నడవ నడవడానికి పనికిరాక రెండేళ్ళయింది. వీధి తలుపు తీయగానే ఎడమ గోడకు ఆనుకుని ఒక నల్ల సంచి నిలబడి ఉండేది. దాని ఎత్తు ఇంటి పిల్ల ఎత్తు, వెడల్పు పిల్లకు రెండింతలు. అందులో హాకీ గోల్ కీపరు సామాను ఉండేది. కాళ్ళకు కట్టుకునే లావాటి ప్యాడ్లు రెండు, చేతి ప్యాడ్లు రెండు, బూట్ల మీది తొడుగులు, ఛాతీ కవచం, ముందు ఊచలున్న హెల్మెట్. లోపలికి వచ్చేవాళ్ళు ఒక భుజం ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి, పక్కవాటుగా దూరాలి. ఊపిరి బిగబట్టడం చోటు చాలక మాత్రమే కాదు. ఆ సంచిని వాడిన పిల్లలందరి చెమటా అందులోనే ఉంది.

ఇంటి కోడలికి అత్తగారు, అంటే పిల్ల నాయనమ్మ, దానికి అల్లుడుగారు అని పేరు పెట్టింది.

"పనీ పాటా లేదు, ఇంట్లో మంచి చోటంతా ఆయనదే. కాస్త జరగండి బాబూ అంటే కంపు కొడతాడు" అనేది.

ఆ సామాను వేసుకునే పిల్లకు పన్నెండేళ్ళు. హెల్మెట్ పెట్టుకుంటే గూట్లోంచి తొంగిచూసే పిట్టలా కళ్ళు మాత్రమే కనపడతాయని జట్టులో అందరూ పిట్ట అన్నారు. కొన్నాళ్ళకు ఇంట్లోనూ అదే పేరయింది.

పిట్ట గోల్ కీపరు ఎలా అయిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట హాకీ క్లబ్బులో చేరతానని పిల్ల ఒక కాగితం పట్టుకొచ్చింది. కొనవలసిన వస్తువుల పట్టిక అది. కర్ర, కాళ్ళకు గార్డులు, పళ్ళకు గార్డు, బూట్లు, మ్యాచ్‌కు ఒక చొక్కా, ప్రాక్టీసుకు ఒక చొక్కా, ప్రయాణానికి ఒక కోటు, ఇవన్నీ పెట్టుకోవడానికి క్లబ్బు గుర్తున్న సంచి. తల్లి కూర్చుని చదివింది, మళ్ళీ చదివింది. ఆమె బండ్ల సీటు కవర్లు కుట్టే దుకాణంలో పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది. పట్టికలు చూసి ఖరీదు కట్టడం ఆమెకు చేతనైన పనే. కాగితం చివర చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది. గోల్ కీపరు సామాను క్లబ్బే ఇస్తుంది. బూట్లు, ఒక చొక్కా కొనుక్కుంటే చాలు.

ఆమె అక్కడ వేలు పెట్టింది. "గోల్ కీపరంటే ఏం చెయ్యాలే?"

"గోల్ ముందు నిలబడాలి."

"అయితే నిలబడు."

పిల్ల సరేనంది. పరుగెత్తి ఆడాలని ఉందో ఏమో, ఆమె అడగలేదు, పిల్ల చెప్పలేదు. అలా నిలబడిన పిల్ల రెండేళ్ళలో బాగా ఆడడం నేర్చింది. ఎంత బాగానో ఇంట్లో ఎవరికీ తెలియదు. తండ్రికి అద్దె వ్యాను తోలడంతోనే సరిపోయేది. తల్లికి దుకాణం, ఇల్లు. ఆటల మాస్టారు కబురుపెట్టి, చుట్టుపక్కల క్లబ్బులన్నింటికీ కలిపి పెద్ద జట్టు కడుతున్నారని, ఎంపికకు పిట్టను పిలిచారని చెప్పినప్పుడు ఆమె మొదట అనుమానంగానే విన్నది.

"ఇందులో మళ్ళీ కొనాల్సినవేమైనా ఉన్నాయా మాస్టారూ?"

మాస్టారు తల గోక్కున్నాడు. "అదేనమ్మా చెప్పబోతున్నా. అక్కడికి ఎవరి సామాను వాళ్ళే తెచ్చుకోవాలి. మన దగ్గర ఉన్నది ఒక్క సెట్టు. ఎంపిక జరిగే ఆదివారమే మనకూ మ్యాచ్ ఉంది. అది రెండో కీపరుకు కావాలి."

రెండు వారాలు గడువుంది. ధర కనుక్కుంటే వ్యాను నాలుగు టైర్లూ మార్చినా అంత అవదని తండ్రి తేల్చాడు. ఖర్చు లేదని పిల్లను ఎక్కడ నిలబెట్టిందో, అందరికంటే ఎక్కువ ఖర్చు అక్కడే వచ్చిపడింది. ఫ్రిజ్ కోసం దాచింది తీసి హెల్మెట్, ఛాతీ కవచం కొన్నారు. బూటు తొడుగులు మాస్టారు పాతవేవో వెతికి ఇచ్చాడు. ఇక కాళ్ళ ప్యాడ్లూ చేతి ప్యాడ్లూ మిగిలాయి. సామానులో ఖరీదైనవి అవే.

ఆమె సంచిలోంచి క్లబ్బు ప్యాడ్లు తీసి, వెనక్కీ ముందుకూ తిప్పి, కుట్లు చూసింది. గోటితో అంచు లాగి చూసింది.

"ఇదేమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? రెక్సిన్, స్పాంజి, బెల్టులు. రోజూ నేను చేసేదే" అంది.

మర్నాడు వాటిని దుకాణానికి మోసుకెళ్ళింది. బ్రౌన్ కాగితం మీద పెట్టి అంచుల చుట్టూ గీసుకుంది. ముక్కలు కత్తిరించి, స్పాంజి కోసి, సొల్యూషన్ పూసి అతికించింది. మధ్యాహ్నం అన్నం వేళలోనూ, సాయంత్రం దుకాణం కట్టేముందూ గంటసేపు కుట్టుకుంది. దుకాణం మేస్త్రి పెద్దవాడు, ఆమె పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఏంటమ్మాయ్ ఇది, ఏ బండి సీటు?"

"మా పిట్ట కాళ్ళకి బాబాయ్."

"కాళ్ళకి సీటా! మరి కూర్చునేది దేనిమీద?"

వారం తిరిగేసరికి నల్ల రెక్సిన్ మీద అంచుల వెంట ఎర్ర పైపింగుతో ప్యాడ్లు తయారయ్యాయి. మేస్త్రి కూడా వంక పెట్టలేకపోయాడు. పిట్ట కట్టుకుని నడవలో ఉన్న కాస్త చోటులో అటూ ఇటూ తిరిగింది.

"ఎంత తేలిగ్గా ఉన్నాయో!" అంది.

ఆ మాట నిజమే. మూడో రోజుకు ఆ మాట కూడా అనడం మానేసింది. తల్లి గమనించలేదు. ప్యాడ్లు జట్టులో పిల్లలకు నచ్చాయా, ఎక్కడ కుట్టించారని ఎవరైనా అడిగారా అన్నదే ఆమె ధ్యాస.

బుధవారం మధ్యాహ్నం దుకాణంలో సెలవడిగి ఆమె మైదానానికి వెళ్ళింది. నిజం చెప్పాలంటే పిల్ల ఆట చూద్దామని కాదు, తన పనితనం చూసుకుందామని. కంచె పక్కన నిలబడింది. ఒక పిల్ల దూరం నుంచి బంతిని బలంగా కొట్టింది. పిట్ట సరిగ్గా అడ్డంగా కాలు పెట్టింది. బంతి ప్యాడ్‌కు తగిలి, చప్పుడైనా లేకుండా, అక్కడే కాళ్ళ దగ్గర పడిపోయింది. ఎదుటి జట్టు పిల్ల పరుగెత్తుకొచ్చి దాన్ని తీరిగ్గా లోపలికి తోసింది. గోల్. ఇంకోటి కొట్టారు. మళ్ళీ కాలు పెట్టింది, మళ్ళీ అక్కడే పడింది, మళ్ళీ గోల్. ఆమె ఐదు దాకా చూసింది.

మాస్టారు కంచె దగ్గరికి వచ్చాడు. "బాగా కుట్టారమ్మా. కంపెనీవాళ్ళు కూడా ఇంత నీటుగా కుట్టరు."

"మరి అలా పడిపోతోందేంటి?"

"లోపల ఏం పెట్టారు?"

"మంచి స్పాంజి మాస్టారూ. మొదటి రకం. పదేళ్ళు కూర్చున్నా కుంగదు."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. మనిషి కూర్చుంటే హాయిగా ఉంటుంది కదా, బంతి కూడా హాయిగా కూర్చుంటోంది. ప్యాడ్‌కు తగిలితే అల్లంత దూరం పోవాలి. కాళ్ళ దగ్గర పడితే వాళ్ళకు మనమే అందించినట్టు."

పదిహేనేళ్ళలో ఆమె చేతి పనిని తప్పుపట్టినవాళ్ళు లేరు. ఆ మాట కూడా తప్పుపట్టడంలా అనలేదాయన. అయినా చెవులు వేడెక్కాయి.

ఇంటికొచ్చాక పిట్ట మేజోళ్ళు విప్పుతుంటే చూసింది. రెండు కాళ్ళ మీదా మోకాలి కింద నీలంగా కమిలిన గుండ్రటి మచ్చలు. వెతకనక్కర్లేకుండా ఆరో ఏడో ఉన్నాయి. మెత్తటి స్పాంజి దెబ్బను కూడా ఆపలేదు, ఎముకకు అందించింది.

"ఎప్పటినుంచే ఇవి?"

"సోమవారం నుంచి."

"నోట్లో ఏం పెట్టుకున్నావు? చెప్పొద్దూ?"

"నువ్వు అంత ఇష్టంగా కుట్టావు కదా."

అత్తగారు మంచం మీద నుంచి మెడ చాపి చూసి, "అయ్యో, పిల్ల కాళ్ళు నేరేడు పళ్ళలా అయిపోయాయే అమ్మాయ్!" అంది.

తల్లి ప్యాడ్లు తీసి గోడవారగా పెట్టింది. తర్వాత అంది: "వద్దులే. ఈ ఏడాదికి మానేద్దాం. మాస్టారికి నేను చెప్తా. మూడు రోజుల్లో ఇంకేం చేస్తాం?"

పిట్ట మేజోడు చేత్తో పట్టుకుని అలాగే ఉంది. "గోల్ దగ్గర నిలబెట్టింది నువ్వే కదమ్మా."

"అప్పుడు చేతిలో డబ్బుల్లేక..."

"ఎందుకైతేనేం. నాకిప్పుడు అక్కడే బాగుంటుంది. నువ్వే పెట్టి నువ్వే తీసెయ్యకు."

పిల్ల ఏడవలేదు, గొంతూ పెంచలేదు. స్నానానికి వెళ్ళిపోయింది. దెబ్బలాడినా బాగుండేదనుకుంది తల్లి.

మర్నాడు ఆమె హాకీ బంతిని చేతి సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్ళింది. ఉన్న సరుకంతా వరసగా నేల మీద పరిచి, నడుమెత్తు నుంచి బంతిని వదిలి చూసింది. పల్చటి స్పాంజి మీద చచ్చినట్టు పడింది. పీచు మీదా అంతే. రెండు స్పాంజిలు కలిపి అతికించినా కదల్లేదు. అట్ట మీద కాస్త లేచింది గానీ నాలుగోసారికి అట్ట విరిగింది. మేస్త్రి కూడా పని ఆపి వచ్చి రెండుసార్లు వదిలి చూశాడు.

"కూర్చోబెట్టే సరుకమ్మా మనది. ఎగరగొట్టే సరుకు మన దగ్గరెక్కడిది?" అన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే, కింది వాటా ఆవిడ పంపు దగ్గర బట్టలుతుకుతోంది. కాళ్ళు జారకుండా కింద ఒక ఎర్రటి మ్యాట్ ముక్క వేసుకుంది. బొటనవేలంత మందం. ఆమె చూసింది, ఆగింది, సంచిలోంచి బంతి తీసి దానిమీద వదిలింది. బంతి మోకాలి దాకా ఎగిరి బకెట్‌లో పడింది.

కింది వాటా ఆవిడ మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. "ఏంటే ఇది, ఈ వయసులో బంతాటా?"

"అక్కా, ఈ మ్యాట్ ఎక్కడిది?"

"మా పెద్దది మూడు నెలలు కరాటే నేర్చుకున్నందుకు గుర్తు."

"ఇంకా ఉన్నాయా?"

"ఉండకేం? అటక నిండా అవే. దిగితే మనుషుల మీద పడతాయి."

స్టూలు వేసి ఇద్దరూ అటక చూశారు. మ్యాట్లు, మూడు రాకెట్లు, ఈత నేర్చుకునే పలకలు, బొమ్మల హెల్మెట్, ఒక జత స్కేట్లు. ఆవిడ ఒక్కొక్కటీ ముట్టుకుంటూ ఎప్పుడు కొన్నారో చెప్పింది. తీరా ఇవ్వమంటే మాత్రం వెనకాడింది.

"మళ్ళీ నేర్చుకుంటానంటుందేమోనే."

"ఉద్యోగం చేస్తోంది కదక్కా."

"చేస్తే? నేర్చుకోకూడదా?"

అని ఆవిడే స్కేట్ల చక్రాన్ని ఒకసారి వేలితో తిప్పింది. అది చాలాసేపు తిరిగింది.

"ఇవి కొనకపోతే అన్నం ముట్టనంది. రెండు రోజులు ముట్టలేదు కూడా. సర్లే, మ్యాట్లు పట్టుకుపో. ఈ ఈత పలకలు కూడా తీసుకెళ్ళు, చూస్తే ఒళ్ళు మండుతుంది, అది ఒక్కరోజు నీళ్ళలో దిగితే ఒట్టు. స్కేట్లు మాత్రం అక్కడే ఉండనీ."

శుక్ర, శనివారాలు ఆమె ప్యాడ్ల కుట్లు విప్పింది. తను బిగించిన కుట్టు తనే విప్పడం కుట్టడం కంటే కష్టమైంది. స్పాంజి బయటికి లాగి, కాలి ఎముక తగిలే వైపు మాత్రం ఒక పల్చటి పొర ఉంచింది. దానిమీద ఈత పలకలు, ఆపైన మ్యాట్లు రెండు వరసలు పెట్టి అతికించింది. లావు పెరిగింది, రెక్సిన్ చాల్లేదు. పక్కల్లో వేరే రంగు అతుకులు వేసింది. ఎర్ర పైపింగు ఒకచోట వంకర పోయింది. చేతి ప్యాడ్లకు కరాటే మ్యాటే సరిపోయింది. శనివారం సాయంత్రం మేస్త్రి బంతి విసిరాడు. అది తిరిగొచ్చి ఆయన గ్లాసును పడగొట్టింది. ఆయన ఒలికిన నీళ్ళ వంక చూసి, "ఇప్పుడు ఒప్పుకుంటా" అన్నాడు.

ఆదివారం ఎంపికకు తల్లీ కూతుళ్ళు బస్సులో వెళ్ళారు. ఐదుగురు కీపర్లు వచ్చారు. మిగతా నలుగురి ప్యాడ్లూ కొత్తగా మెరుస్తున్నాయి. ఒకమ్మాయి పిట్ట కాళ్ళ వైపు చూసి, "అవేంటి, మీ సోఫావా?" అంది. పిట్ట "అవును, నువ్వొచ్చి కూర్చుంటావా?" అని హెల్మెట్ పెట్టుకుంది.

తల్లి మెట్ల మీద కూర్చుని చూసింది. చూసింది అంటే ప్యాడ్లనే చూసింది. బంతి తగిలిన ప్రతిసారీ ఎడమ కాలి లోపలి కుట్టు వైపు ఆమె కళ్ళు పరుగెత్తాయి. అది అతుకు మీద అతుకు వేసిన చోటు. బంతి ఎటు పోయిందో, పిల్ల ఎలా లేచిందో, పక్కన కూర్చున్నవాళ్ళు ఎందుకు చప్పట్లు కొట్టారో ఆమెకు తెలియదు. ఒకసారి మాత్రం బంతి దూరంగా ఎగిరిపోయి కంచెకు కొట్టుకున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడుకు ఆమె వేళ్ళు కాస్త సడలాయి.

సాయంత్రం పేర్లు చదివారు. ఇద్దరు కీపర్లను తీసుకున్నారు. పిట్ట రెండోది.

ఇంటికొచ్చాక అత్తగారు మంచం దిగి ఎదురొచ్చింది. "తీసుకున్నారా అమ్మాయ్?"

"తీసుకున్నారత్తయ్యా."

"నా బంగారమే! ఎలా ఆడింది?"

ఆమె చెప్పబోయి ఆగింది. పొద్దుటినుంచీ అక్కడే కూర్చుంది, కళ్ళు తిప్పలేదు, అయినా చెప్పడానికి ఒక్క ముక్కా లేదు.

"దాన్నే అడగండి" అంది.

పిట్ట అన్నం తింటూ మొదలుపెట్టింది. బంతి కొట్టేవాళ్ళ చేతులు చూడకూడదట, భుజం చూడాలట. భుజం ఎటు తిరిగితే బంతి అటే వస్తుందట. మూడోసారి మాత్రం ఆ పొడుగుపిల్ల భుజం ఒకవైపు పెట్టి ఇంకోవైపు కొట్టిందట. అప్పుడు ఏం చేసిందంటే, అంటూ ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచి నిలబడి చూపించింది. అత్తగారికి ఏమీ అర్థం కాలేదు గానీ "ఊఁ, తర్వాత?" అంటూనే ఉంది.

తల్లి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి వింది. కాసేపటికి గరిటె లోపల పెట్టేసి వచ్చి, పళ్ళెం ఎదురుగా నేల మీద కూర్చుంది.

"భుజం అన్నావు చూడు, నాకు అక్కడ అర్థం కాలేదు" అంది. "మళ్ళీ మొదటినుంచి చెప్పవే."