బోణీ లేని గడప

పరమేశ్వరికి చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. ఏదైనా జరిగితే అది ఎందుకు జరిగిందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. పెళ్లిచూపుల నాడు వచ్చినవాళ్ల ఎడ్లబండికి ఒక చక్రం కొత్తది, ఒకటి పాతది ఎందుకున్నదని నలుగురిలో అడిగి తల్లి చేత తొడపాశం పెట్టించుకుంది. ఆ బండి దిగినవాడే అంబాదాస్. అతనికి ఇలాంటి జబ్బులేమీ లేవు. ధర్మాబాద్‌కు ఆవల, వాగు పక్కనున్న సొంత ఊళ్లో కారంపొడి పట్టే గిర్ని పెట్టుకున్నాక యంత్రం సంగతి అంబాదాస్ చూసుకున్నాడు, మిగిలిన లోకం సంగతి పరమేశ్వరి చూసుకుంది. ఇద్దరికీ పేచీ లేదు.

డెబ్బై రెండు కరువును ఎట్లాగో దాటేసి, గిర్ని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. కారాన్ని పొట్లాలు కట్టి నాందేడ్ దుకాణాలకు పంపుతున్నారు. బిల్లు మీద అమ్మకం పన్ను నంబరు లేకపోతే అక్కడి దుకాణదారులు సరుకు ముట్టరు. ఆ నంబరు నిలవాలంటే ఆఫీసు పంపే కాగితాలను అందుకునే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి పేరూ చిరునామా అక్కడి రిజిస్టర్లో ఉండాలి. సొంత ఊరి చిరునామా ఇద్దామా అంటే, వాగు పొంగిందంటే టపా అవతలి ఒడ్డునే కూర్చుంటుంది. అందుకని నాందేడ్ ఇత్వారా బజారులో కిరాణా దుకాణం ఉన్న అంబాదాస్ మేనమామ వెంకట్రావ్ పేరు రాయించారు. అంతకంటే మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? పొద్దు పొడవగానే తలుపు తీస్తాడు, పొద్దుపోయేదాకా గద్దె దిగడు, పక్కవాడి బస్తాలోంచి కింద పడ్డ శనగగింజ కూడా ఎత్తి వాడి బస్తాలోనే వేస్తాడు.

అలాంటిది ఆ వానాకాలం మొదట్లో పిడుగులాంటి వార్త వచ్చింది. లెక్కలు చూపించడానికి రమ్మని నోటీసులు పంపినా రానందుకు నంబరును ఆపేశారట. పరమేశ్వరి పరుగున నాందేడ్ వెళ్లింది. ఆఫీసు గుమాస్తా చెడ్డవాడేం కాదు. రిజిస్టర్ టపాలో పంపిన నోటీసు మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చిందనీ, తీసుకోవడానికి ఒప్పుకోలేదని దాని మీద రాసి ఉందనీ చెప్పాడు. నమ్మకమైన మనిషి పేరు కొత్తగా రాయిస్తే మళ్లీ ఒక్కసారి పిలుస్తారట. ఆ పిలుపు కూడా తిరిగి వచ్చిందంటే నంబరు కొట్టేస్తారు. అంటే గిర్ని మూతపడుతుంది. అప్పుడు అంబాదాస్ పరాయివాళ్ల గిర్నిలో పట్టాలు బిగించాలి, తను ఆ గిర్ని ముందు మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చోవాలి.

మేనమామ దగ్గరికి వెళ్లి అడిగితే ఆయన బిత్తరపోయాడు. తన దుకాణానికి అలాంటి కాగితమే రాలేదనీ, వస్తే తీసుకోకుండా ఉంటానా అనీ పాండురంగని పటం మీద చెయ్యి పెట్టి చెప్పాడు. వెంకట్రావ్ అబద్ధమాడడు. ఆఫీసువాళ్ల దగ్గర వెనక్కి వచ్చిన కవరు ఉంది, అదీ అబద్ధం కాదు. రెండూ నిజమే ఎట్లా అవుతాయి? గిర్ని పోతుందేమోనన్న భయం ఒక పక్క ఉన్నా, ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఈ ప్రశ్నే.

పొద్దున్నే లేచి దుకాణంలో ఒక మూల బెల్లం గంపల పక్కన కూర్చుంది. ఊరికే కూర్చున్నానని చెప్పింది. వెంకట్రావ్ గడప ముందు నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి, గద్దె మీద కూర్చుని వీధి మలుపు మీద చూపు నిలిపాడు. మొదటి గిరాకీ కోసం చూసే చూపు అది. ఆ గిరాకీ వచ్చి ఏదో ఒకటి కొని బోణీ అయ్యేదాకా వ్యాపారస్తుల దుకాణాల్లో ఒకరికి ఇవ్వడం ఉండదు, ఒకరి దగ్గర తీసుకోవడం ఉండదు. సర్కారు ముద్ర ఉన్న కాగితమైతే దాని నీడ కూడా పడనివ్వరు. ఇది ఎవరూ నేర్పేది కాదు, పుట్టుకతో వచ్చేదే.

అంతలో టపామనిషి మారోతి సంచి వేసుకుని వచ్చాడు. గడప బయటే నిలబడి, "శేఠ్, రజిస్టర్ ఆహే," అని, రిజిస్టర్ టపా వచ్చిందని మరాఠీలో చెప్పి ఒక కవరు పైకెత్తాడు. వెంకట్రావ్ అటు తిరగలేదు. చూపు మలుపు మీదే ఉంది. కుడి అరచెయ్యి మాత్రం దానంతటదే లేచి, ఈగను తోలినట్టు ఒకసారి ఆడి, మళ్లీ తొడ మీద వాలింది. మారోతి ఒక్క క్షణం చూసి ముందుకు సాగిపోయాడు. ఆ వెనకే ఒక ముసలామె వచ్చి ఉప్పు కొన్నది. వెంకట్రావ్ ఆమె ఇచ్చిన నాణేన్ని కళ్లకద్దుకున్నాడు. ముఖం విచ్చుకుంది.

"మామా," అంది పరమేశ్వరి గంపల పక్కనుంచి, "టపాయన అచ్చిండు గద, ఎందుకు పొమ్మన్నరు?"

"టపాయననా?" అన్నాడు వెంకట్రావ్. "ఎప్పుడచ్చిండు?"

ఆయన నటించడం లేదు. నిజంగానే ఆయనకు తెలియదు. పరమేశ్వరి చెప్పులు కూడా వేసుకోకుండా మారోతి వెనక పరుగెత్తింది.

మారోతి తప్పు ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె ఆరా తీసింది, దొరకలేదు. ఇంతకుముందు అతను టపా పంచే చుట్టు ఊరి ఆ కొసన మొదలై ఇత్వారాకు వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేదట. ఎండాకాలంలో ఆ చుట్టును మార్చి ఈ కొస నుంచి మొదలుపెట్టారు. అప్పటినుంచీ రిజిస్టర్ టపా తెచ్చిన ప్రతిసారీ శేఠ్‌గారు చెయ్యి ఊపి పొమ్మంటున్నారు. శేఠ్ వద్దన్నప్పుడు వద్దన్నారనే కదా రాయాలి? ఈ పొద్దు తెచ్చిన బ్యాంకు కాగితం రేపు కూడా తెస్తాడు, రేపూ వద్దంటే అదీ వెనక్కే.

పరమేశ్వరి నడివీధిలోనే నవ్వేసింది. మరుక్షణం సిగ్గుపడింది. కిందటి చలికాలంలో తహసీలు నుంచి వచ్చిన మనిషిని బోణీ కాలేదని తన గిర్ని ముందు ఎండలో నిలబెట్టింది తనే. అప్పుడు అది ఆమెకు వింతగా తోచలేదు. అన్నిటికీ ఎందుకని అడిగే తను, ఇంతవరకూ దీన్ని మాత్రం ఎందుకని అడగనే లేదు.

సంగతి చెబితే వెంకట్రావ్ ముఖం చిన్నబోయింది. తన చేత్తో తనే మేనల్లుడి నోటి దగ్గర కూడు తీశానా అని నొచ్చుకున్నాడు. తర్వాత, పేరు మార్చే పని లేదనీ, రేపటినుంచి బోణీ లేదు గీణీ లేదనీ, మారోతికి ఎదురెళ్లి మరీ తీసుకుంటాననీ చెప్పాడు. మాట ఇస్తే తప్పే మనిషి కాదు కాబట్టి పరమేశ్వరి ఇంకొక రోజు ఆగింది.

మర్నాడు ఆయన ముందే సిద్ధమై, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మారోతి వచ్చాడు. అదే బ్యాంకు కవరు, అదే మాట. అరచెయ్యి లేచింది, ఆడింది, వాలింది. మారోతి వెళ్లిపోయాడు. వెంకట్రావ్ తన చేతిని ఎవరి చెయ్యో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా మాట ఇంటలేదు బిడ్డా," అన్నాడు. "నువ్వు యేరే మనిషిని సూసుకో."

ఆయన ముఖం చూస్తే పరమేశ్వరికి ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చుంటే గిర్ని నిలవదు. లేచి, బోణీ పట్టింపు లేని మనిషి నాందేడ్‌లో ఎక్కడున్నాడో వెతకడానికి బయల్దేరింది. ఇంత చిత్రమైన వెతుకులాట ఆ బజారులో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. పెద్ద వకీలు దగ్గరికి వెళితే, మొదటి కక్షిదారు ఫీజు ఇచ్చేదాకా వకీలుసాబు ఏ కాగితమూ ముట్టరని గుమాస్తా గర్వంగా చెప్పాడు. మందుల దుకాణంలో అంతే, దర్జీ దగ్గర అంతే. డాక్టరు కూడా మొదటి రోగి డబ్బును గోడ మీది దేవుడికి చూపించాకే మిగతా పనులట. దేనికీ బోణీ లేని మనిషి అంటే ఒక్క పంతులుగారు దొరికారు. ఉద్యోగం నుంచి దిగిపోయి హాయిగా ఉన్నారు. కానీ ఆయన సగం రోజులు పర్భణీలో కూతురి దగ్గరే ఉంటారట. ఒకటి మాత్రం పరమేశ్వరికి భలేగా తోచింది. ఎంత చదివినవాడైనా, ఎంత పెద్ద బోర్డు కట్టినవాడైనా పొద్దున్న పూట అందరూ వీధి మలుపుకేసి చూసేవాళ్లే.

మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ ఇంటికి చేరింది. వెంకట్రావ్ ఇల్లు దుకాణానికి వెనకే. దాని తలుపు పక్క సందులోకి ఉంటుంది. ఆయన భార్య సుమిత్రాబాయి జొన్నరొట్టె, పప్పు పెట్టి ఎదురుగా కూర్చుంది. తినేలోపు తలుపు ఎన్నిసార్లు చప్పుడైందో! ఒకామె తాళంచెవి ఇచ్చిపోయింది, ఇంకొకామె పాలగిన్నె చేతికిచ్చి తోడు వెయ్యమంది, ఎదురింటివాళ్ల కోసం ఎవరో ఒక మూట తెచ్చి, వాళ్లు ఇంట్లో లేరని ఇక్కడ పెట్టి వెళ్లారు. చప్పుడైన ప్రతిసారీ సుమిత్రాబాయి లేచింది, చెయ్యి చాపింది, తీసుకుంది. పరమేశ్వరి చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"అత్తమ్మా, పొద్దుగాల పొద్దుగాల ఎవరన్న ఏదన్న తెస్తె గూడ గిట్లనే తీసుకుంటవా?"

సుమిత్రాబాయికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "తెచ్చినంక తీసుకోకుంటె ఎట్ల?" అంది. "నాకేమన్న దుకాణమా, బోణీయా?"

పరమేశ్వరి విషయం చెప్పగానే ఆమె గాభరాపడింది. సర్కారు రిజిస్టర్లో తన పేరేమిటి, తాను చదువుకున్నదా పాడా అంది. చదవడం తన పని అనీ, సంతకమో వేలిముద్రో వేసి తీసుకుని అదే రోజు ధర్మాబాద్ రైలుబండికి ఎవరి చేతనైనా పంపితే చాలుననీ పరమేశ్వరి నచ్చజెప్పింది. అప్పుడు సుమిత్రాబాయి కాస్త ఆలోచించి, ఆ కవరు ఎంతుంటుంది, ఏ రంగులో ఉంటుంది, తడిస్తే ఏమవుతుంది అని ఒకటొకటిగా అడగడం మొదలుపెట్టింది. తన జబ్బే ఈమెకూ ఉందని పరమేశ్వరికి అప్పుడు తెలిసింది. ఇంతకాలం ఈమెను ఎవరూ ఏ పనికీ పిలవక అది బయటపడలేదంతే.

అడ్డు పడింది వెంకట్రావే. ఇత్వారాలో తన పేరుకు ఒక విలువ ఉంది. ఆ పేరు కొట్టేసి ఇంట్లో ఆడమనిషి పేరు ఎక్కిస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకోరా? అందులో సగం కోపం, సగం బాధ.

"బజారు ఏమన్న అననీయుండ్రి మామా," అంది పరమేశ్వరి. "మిమ్మల్ని తక్కువ చేస్తలేను. గీసారి కాగితం వాపసు పోతె మా గిర్ని ఉండది."

ఆయన లోపలికి పోయాడు. కొయ్యకు తగిలించిన టోపీ తీసి పెట్టుకుని బయటికి వచ్చి, నడవండి అన్నాడు. ఆఫీసులో గుమాస్తా సుమిత్రాబాయిని ఏం పని చేస్తారని అడిగాడు. ఏమీ లేదని ఆమె మెల్లగా చెప్పింది. ఆ సమాధానం విని సంతోషపడ్డ మనిషి ఆ ఆఫీసులో అంతవరకూ ఉండి ఉండరు, పరమేశ్వరి తప్ప.

తర్వాత వానలు బలపడ్డాయి. పరమేశ్వరి ఊరికి వచ్చేసింది గానీ మనసంతా నాందేడ్ సందులోని ఆ తలుపు మీదే ఉంది. కాగితం ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినా ఈ ముసురులో ధర్మాబాద్ దాకా తెచ్చేవాళ్లు దొరకాలి, అక్కడినుంచి వాగు దాటాలి. ఒక రోజు తెల్లవారినప్పటినుంచీ సన్నగా పడుతూనే ఉంది. గిర్ని దగ్గరికి ఒక్క పురుగు కూడా రాలేదు. అంబాదాస్ యంత్రానికి నూనె పెడుతున్నాడు. మధ్యాహ్నం దాటాక, మోకాళ్లదాకా ధోతి పైకి కట్టి, గొడుగు పట్టుకుని ఎవరో పెద్దమనిషి బురదలో తడబడుతూ రావడం కనిపించింది. దగ్గరికి వచ్చేదాకా ఆమె పోల్చుకోలేదు. పనిరోజున ఊరు దాటిన వెంకట్రావ్‌ను ఆమె ఎన్నడూ చూసి ఉండలేదు మరి.

గొడుగు పక్కన పెట్టి, అంగీ లోపలినుంచి నూనెగుడ్డలో చుట్టిన కవరు తీశాడు. నిన్న పొద్దున్న మారోతి సందు తలుపు తట్టాడట, సుమిత్రాబాయి చెయ్యి కడుక్కుని మరీ తీసుకుందట. ఆయన విప్పి చూస్తే ఎల్లుండే రమ్మని రాసి ఉందట. బండికి పోయేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని ఆమె సందంతా తిరిగినా ఎవరూ దొరకలేదట. ఎల్లుండి అంటే రేపటి బండికి వెళ్లినా చాలు. పరమేశ్వరికి గుండెల మీది బండ దించినట్టయింది.

"మరి దుకాణం, మామా?"

"ఇయ్యాల తెర్వలె."

ఆయన పెళ్లినాడు కూడా పొద్దున దుకాణం తెరిచి, బోణీ చేశాకే పందిట్లోకి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు.

వెంకట్రావ్ కవరు చుట్టూ ఉన్న గుడ్డ విప్పుతూ, ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. "తీసుకొనుడైతె నాతోని కాలె బిడ్డా. తెచ్చుడన్న కావాలె గద."

ఆ రోజు గిర్నికి ఇంకా బోణీ కాలేదు. పరమేశ్వరి రెండు చేతులూ చాపి ఆ కాగితం తీసుకుంది.