తతా అన్న పేరు

టీవీ పెడితే తతా, గోడలెక్కిన పోస్టర్లలో తతా. జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే ఆ కుర్రాడి పేరు ఏ తాళంలోంచో పుట్టి ఉంటుందని అభిమానులు అనుకునేవారు. అసలు సంగతి సెలూన్ నడిపే అతని తండ్రికి తెలుసు.

ఆయనకు చిన్నప్పటి నుంచీ నత్తి. కత్తెర పడితే వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి, "తల వంచండి" అన్న రెండు ముక్కలు మాత్రం ఏనాడూ తిన్నగా అనలేకపోయాడు. "త... త..." దగ్గరే బండి ఆగిపోయేది. కుర్చీలో కూర్చున్నవాళ్లు కిసుక్కుమనేవారు. క్రమంగా వీధి వీధంతా ఆయన్ని తతా అనడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నందుకే బళ్లో ఒకడి ముక్కు పగలగొట్టి, చొక్కా చింపుకుని, ఏడుస్తూ ఇంటికొచ్చాడు కొడుకు. ఆ కొడుకే ఇప్పుడా పేరు తగిలించుకుని వెలిగిపోతున్నాడు. ఎందుకురా అని అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నా, ఆయనకు మాట పెగల్లేదు.

ఒక ఆదివారం సెలూన్ కిటకిటలాడుతుండగా కొడుకు టీవీలో కనిపించాడు. ఆ పేరెలా వచ్చిందని యాంకరమ్మ అడిగింది.

"మా నాన్నదండీ. ఆయనకి నత్తి కదా, అందరూ అలా పిలిచి ఏడిపించేవాళ్లు. నవ్విన లోకం చేతే ఆ పేరుకి చప్పట్లు కొట్టిద్దామనుకున్నా," అన్నాడు కొడుకు. అంతటితో ఊరుకోలేదు. మెడ కాస్త వాల్చి, లేని కత్తెర ఆడిస్తూ, "త... త... తల వంచండి" అన్నాడు. అచ్చు గుద్దినట్టు తండ్రే.

సెలూన్లో ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు. ఆయన సగం గీసిన గడ్డం ముందు కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మర్నాటి నుంచి ఎక్కడెక్కడివాళ్లో రావడం మొదలైంది. క్రాపు కోసం కాదు. ఫోన్లు ముఖం మీద పెట్టి, "బాబాయ్, ఒక్కసారి ఆ మాట అనవా?" అని.

ఆ వారంలోనే కొడుకు ఇంటికి వచ్చాడు. "చూశావా నాన్నా, నీ పేరుకి జనం ఎలా బ్రహ్మరథం పడుతున్నారో!"

"అ... అది నా పేరు కాదురా," అన్నాడు ఆయన. "నాకు మా అమ్మ పె... పెట్టిన పేరుంది."

కొడుకు ముఖం పాలిపోయింది. కిందే కూలబడి, "తప్పైపోయింది నాన్నా," అంటూ ఆయన మోకాళ్లు పట్టుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమని ఆయన నమ్మాడు. బహుశా నిజమే కూడా.

నెల తిరక్కుండా కొత్త షో వచ్చింది. ఆయనా, భార్యా టీవీ ముందు కూర్చున్నారు. కొడుకు జనాన్ని కాసేపు ఊరించి, "అ... అది నా పేరు కాదురా! నాకు మా అమ్మ పె... పెట్టిన పేరుంది!" అన్నాడు. అక్కడి హాలు నవ్వులతో దద్దరిల్లింది.

భార్య గబుక్కున టీవీ కట్టేసింది. "వాడికి తెలీకండీ..."

"తె... తెలుసు," అన్నాడు ఆయన.

ఆనాటి నుంచి సెలూన్లో ఆయన పెదవి విప్పడు. కుర్చీలోవాళ్లు తల వంచాల్సి వస్తే వేలితో మెల్లగా నొక్కుతాడు. కొడుకు ఫోన్ చేస్తే భార్యే ఎత్తి, పట్టపగలైనా సరే, "మీ నాన్న పడుకున్నార్రా," అంటుంది. ఆయన పక్కనే కూర్చుని ఉంటాడు, వాడి గొంతు వినబడేలా ఆమె వైపు కాస్త వంగి.