ఖాళీగా దిగిన కుర్చీ

నేను ఒక కుర్చీని. నాకు కాళ్ళు లేవు, నేల తగలదు. హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల్లో సోన్‌ధార్ అనే చోట, మంచు వాలు మీదుగా సాగే ఇనుప తాడుకి వేలాడుతూ బతికాను. మనుషుల్ని కొండపైకి మోసుకెళ్ళడం, ఖాళీగా కిందికి రావడం. ఇదే నా ఉద్యోగం.

నాకు ముందు అది గొర్రెలు మేసే బయలు. మంచు పడగానే కాపరులు దిగిపోయేవారు. ఒక చలికాలం ఎవరో దొర, దొరసాని పాదాలకు చెక్కలు కట్టుకుని ఆ వాలు మీద జారారట. పాపం, మతి పోయింది కాబోలు అనుకున్నారు ఊరివాళ్ళు. తర్వాత సైనికులు వచ్చి అదే పని చేశారు. సైనికులు చేస్తే పిచ్చి అనరు, శిక్షణ అంటారు. ఆ పైన హోటళ్ళు వెలిశాయి, కంచరగాడిదల మీద ఇనుప సామాను ఎక్కింది, దాంతోపాటు నేనూ వచ్చాను.

మనుషులు ఇంత దూరం వచ్చేది పడడానికేనని నాకు తొందరగానే అర్థమైంది. ఇంట్లో కాలు జారితే ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు, ఇక్కడ పడి, లేచి, పకపకా నవ్వి, మళ్ళీ నా దగ్గరికే వచ్చేవారు. జారుతున్న ఆ కాసేపు వాళ్ళ మొహాల్లో ఏ హోదా ఉండదు. అది చూడడం నాకెంతో ఇష్టం.

భయపడ్డవాళ్ళు మాత్రం నా మీదే కూర్చుని తిరిగొచ్చేవారు. వాళ్ళు దిగడానికి వీలుగా కింద యంత్రం దగ్గరుండే నేగీ గంట కొట్టి వేగం తగ్గించేవాడు. పద్ధతి మంచిదే. కానీ గంట మోగగానే వరుసలో ఉన్న జనమంతా తలెత్తి చూసేవారు. కూర్చున్నవాళ్ళు తమ బూట్లు చూసుకునేవారు.

ఆ గంట రోజూ మోగింది గౌరునాయుడి కోసం. పార్వతీపురం మనిషి. సైన్యంలో వంట చేసి, పింఛను పుచ్చుకుని, ఇక్కడే ఇడ్లీ హోటల్ పెట్టాడు. పైన స్కీయింగ్ నేర్పేవాళ్ళకి మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళి, నా మీదే దిగేవాడు. వణుకుతున్నవాళ్ళకి ధైర్యం చెప్పడంలో మాత్రం దిట్ట. "పడితే ఏటవుద్ది, మంచే గదా" అనేవాడు. అబ్బో, ఆ మాట తన దగ్గర పనిచేస్తేగా!

స్కీయింగ్ నేర్పే బిమల ఇక్కడి కొండ ఊరి ఆడపడుచు. అతని హోటల్లో తిని తిని తెలుగుతోపాటు అతని యాసా పట్టేసింది. "ఏటి బాబాయ్, నేడూ కుర్సీయేనా?" అని ఆటపట్టించేది. తీరిక దొరికినప్పుడు చదునైన చోట అతనికి స్కీలు తొడిగించి నేర్పింది కూడా. అక్కడ బాగానే జారేవాడు. కొండ అంచున నిలబడితే మాత్రం స్కీలు విప్పేసి నా దగ్గరికే వచ్చేవాడు.

అసలు బాధ వేరే ఉంది. తాను రోజూ స్కీల మీదే దిగుతానని సొంతూళ్ళో చెప్పుకున్నాడు. వాళ్ళు నమ్మారు. సెలవుకి వెళ్తే చుట్టూ చేరి ఆ కబుర్లే చెప్పించుకునేవారు. ఇంతలో అవతలి కొండకి కొత్త రోప్‌వే వేశారు, మమ్మల్ని ఆపేస్తున్నామన్నారు. గౌరునాయుడు కూడా హోటల్ మూసి ఊరికి ప్రయాణం కట్టాడు. ఇక ఈ వాలు మీద స్కీయింగే ఉండదు.

చివరి రోజు భోజనాలయ్యాక పైన నన్ను కాసేపు ఆపించాడు. ఖాళీ క్యారేజీని నా మీద పెట్టి రోజూ మెడకి చుట్టుకునే మఫ్లర్‌తో గట్టిగా కట్టాడు. తను ఎక్కలేదు. బిమల ఈసారి నవ్వలేదు. నిజంగానే దిగుతావా అని మెల్లగా అడిగింది.

"ఊరికెల్లి మల్లీ అబద్దమాడలేనమ్మా," అన్నాడు. వంగి స్కీలు బిగించుకున్నాడు.

నేను బయల్దేరాను. వెనక్కి చూసే వీలు నాకు లేదు. నా బతుకులో అంత భయపడింది ఎప్పుడూ లేదు. దూరం నుంచి ఆ మఫ్లర్ చూసి, గౌరునాయుడే అనుకుని, నేగీ అలవాటు కొద్దీ గంట కొట్టాడు. జనం తలెత్తారు. నా మీద క్యారేజీ ఒక్కటే ఉంది. వాళ్ళ చూపులు నన్ను దాటి వెనక వాలు మీదికి వెళ్ళి అక్కడే నిలిచిపోయాయి. నేగీ గంట కొట్టడం ఆపలేదు.

చాలాసేపటికి వచ్చాడు గౌరునాయుడు. మీసాల నిండా మంచు, కోతిటోపీ ఒక చెవి మీదికి జారింది. ఎన్నిసార్లు పడ్డాడో పక్కనే వచ్చిన బిమలకే తెలియాలి. ఆయాసపడుతూ ముందు నాకేసి చూశాడు.

"క్యారేజీ వచ్చీసిందేటి?" అని అడిగి, మంచులో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఇప్పుడు నన్ను ఒక హోటల్ ముందు ఊయలగా కట్టారు. వచ్చినవాళ్ళు ఫొటోలు దిగుతారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, పాపం ఖాళీగా ఊగుతోంది అని ఎవరో ఒకరు అంటారు. నేనేం బాధపడను. నా ఉద్యోగంలో మంచి రోజులన్నీ ఖాళీగా దిగి వచ్చినవే.