మంచుపెట్టె బొమ్మ

పోర్టు కలాసీ త్రినాథరావు ఇంట్లో తెల్లారితే పనులన్నీ ఒక వరసలో సాగేవి. అతని భార్య నాగమణి కొళాయి నీళ్ళు తెచ్చి, మజ్జిగ ముంతని గోడకి అంటించిన నూతి బొమ్మకి ఆనించి పెట్టేది. ఆ బొమ్మ కూతురు గౌరీశ్వరి గీసింది. ఆ పిల్ల నుయ్యి గీస్తే కాగితం చల్లగా ఉండేది, పొయ్యి గీస్తే వెచ్చగా ఉండేది. భగవంతుడు ఒకరికి గొంతిస్తాడు, ఒకరికి వంటచెయ్యి ఇస్తాడు. ఐదో తరగతి చదివే ఈ పిల్లకి ఇదిచ్చాడు. ముసురు పట్టిందంటే పక్కింటి జోగమ్మ తడి రవికలు తెచ్చి సూర్యుడి బొమ్మ ముందు ఆరేసుకునేది. "మీ పిల్ల సూరీడు మందంగా ఉన్నాడే నాగమణీ, కాస్త రంగెయ్యమను," అని దెప్పేది కూడాను.

అది ఎనభై ఆరో సంవత్సరం, ఏప్రిల్ నెల. కంచరపాలెంలో వాళ్ళకి ఎగువనున్న వీధిలో పసిపిల్లలకి తట్టు పోసింది. ఒకడు దక్కలేదు. గౌరీశ్వరి తమ్ముడు సింహాద్రికి ఇంకా ఏడాది నిండలేదు. బడిలో టీకాలు వేస్తారనీ, ఆ రోజే టీకాల మీద పిల్లలకి బొమ్మల పోటీ అనీ చెప్పారు. మామ్మ నారాయణమ్మ మాత్రం ససేమిరా అంది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు.

"అమ్మోరికి సల్లదనం కావాల. సల్లన్నం, పసుపునీళ్ళు, యాపాకు. సూదంటే ఏడి. పిల్లడి ఒంట్లోకి ఏడి ఎక్కిత్తే ఆ తల్లి ఊరుకుంటదేటి?"

ఆవిణ్ణి చూసి నవ్వకండి తల్లులారా. పెద్దకొడుకుని అమ్మవారు తీసుకుపోతే, రెండోవాణ్ణి ఆ చల్లదనంతోనే కాచుకున్నానని ఆవిడ నమ్మకం. ఆ రెండోవాడే త్రినాథరావు.

డ్రాయింగు మాస్టారు శ్రీరామ్మూర్తి, "రోగాన్ని రాక్షసుడిలా, సూదిని ఈటెలా గియ్యండి," అని పిల్లలకి ముందే చెప్పారు. గౌరీశ్వరి ఇంట్లో అలాగే గీసి, చూస్తే మెత్తబడుతుందని మామ్మకి చూపించింది. నారాయణమ్మ బొమ్మలోని సూది మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

"నాను సెప్పినాను గదే. నీ బొమ్మే సాచ్చికం. నా గుంటణ్ణి ఆ కాడికి పంపను."

తమ్ముడి టీకాకి గౌరీశ్వరి గీసిన చెయ్యే అడ్డుపడింది.

పోటీ రోజున పిల్లలు వరండాలో కూర్చున్నారు. ఎదురుగా వేపచెట్టు కింద నర్సు భ్రమరాంబ బల్ల. గౌరీశ్వరి బెరుగ్గా దగ్గరికెళ్ళి, "మందు ఏడిగా ఉంటదాండీ?" అని అడిగింది.

"వేడా? చెయ్యెట్టి చూడవే అమ్మడూ," అని ఆ గోదావరి జిల్లా నర్సమ్మ పెట్టె మూత తీసింది. లోపల మంచుగడ్డల మధ్య సీసాలు. "ఈ చల్లదనం పోయిందంటే మందు ఎందుకూ పనికిరాదు."

గౌరీశ్వరి వరండాలోకి తిరిగొచ్చి రాక్షసుణ్ణి వదిలేసింది. ఆ మంచుపెట్టెనే గీసింది, కాగితం నిండా. గీస్తుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఎండ ముదిరింది. కరెంటు పోయి హార్బరు నుంచి రావలసిన మంచు రాలేదు. పెట్టెలో గడ్డలు నీళ్ళవుతుంటే భ్రమరాంబ లేచి నిలబడింది. "ఇంక వెయ్యకూడదమ్మా. ఇళ్ళకెళ్ళండి." తల్లులు కదలబోయారు. సరిగ్గా అప్పుడే, మనవరాలికి పెరుగన్నం క్యారేజీ పట్టుకుని, సింహాద్రిని చంకనేసుకుని నారాయణమ్మ గేటు దగ్గరికొచ్చి అక్కడే ఆగింది.

గౌరీశ్వరి కాగితం తీసుకుని లేచింది.

"అది పట్టుకుని వరండా దాటావంటే పోటీలో లేనట్టే," అన్నారు మాస్టారు.

దాటింది. బొమ్మని మంచుపెట్టెకి చుట్టి గట్టిగా పట్టుకుంది. పెట్టెకి చెమట పోసింది, లోపలి నీళ్ళ మీద మంచుపొర కట్టింది. భ్రమరాంబ కొంగుతో ఆ తడి తుడిచి, "సరే, తర్వాతెవరమ్మా?" అంది.

నారాయణమ్మ గేటు దగ్గర్నుంచి నెమ్మదిగా వచ్చింది. కందిన అరచెయ్యే కాగితం మీద ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"అమ్మోరి సలవే ఇది," అంది చివరికి. "మందు దీన్లోదేనేటి?"

"ఇందులోదేనండి మామ్మగారూ. చల్లదనం తప్పితే నేనూ ముట్టుకోను."

ముసలావిడ బొడ్లోంచి పసుపు తీసి పెట్టెకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. "అయితే ఎయ్యమ్మా. ఈడు నాలాగ మొండోడు, ఏడవడు."

సింహాద్రి హార్బరు దాకా వినబడేలా ఏడ్చాడు.

చివరి పిల్లాడి వంతయ్యేసరికి బొమ్మలో రంగులన్నీ దిగిపోయి కాగితం తెల్లగా మిగిలింది. బహుమతి ఎవరిదో రాక్షసుడికొచ్చింది. మే నెలలో తట్టు వాళ్ళ వీధిలోకీ దిగింది. సింహాద్రిని ముట్టకుండా గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోయింది.

సూది పడినచోట వాడి జబ్బ మీద గోరంత మేర ఎప్పటికీ చల్లగానే ఉండిపోయింది. ఎండ తలకెక్కిన మధ్యాహ్నాల్లో నారాయణమ్మ మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకుని, ఆ చెయ్యి తన నుదుటికి ఆనించుకుని, హాయిగా కళ్ళు మూసుకునేది.